ఎరుకయు కరుణయు

ఇష్టలింగార్చనము చేయు వీరశైవుని చూపు ఎడమ అరచేతిలోని లింగముమీద నిలుచును. కన్ను చెదరరాదు, మనస్సు చెదరరాదు, ఊపిరి సైతము తొందరపడరాదు. దీక్ష నొసగిన గురువు మొదట నేర్పునది ఈ నిలుకడయే. అర్చనము ముగిసిన పిదప లింగమును లింగకాయలో నుంచి, కంఠమున ధరించి, భక్తుడు లేచును. లేచిన పిమ్మట ఆ చూపు ఎచ్చటికి పోవును? వాకిట నిలిచియున్న పనిమనిషి ముఖముమీదికి పోవునా? అంగడి లెక్కలమీదికి పోవునా? చేతిలోని ఫోనుమీదికి పోవునా? అరగంటసేపు అరచేతిని చూచి సంపాదించిన నిలుకడ తక్కిన పగలంతటికిని చాలునా అనునది ప్రతి లింగధారియు తన్ను తాను అడుగుకొనదగిన విషయము. ఈ విషయమును బౌద్ధులు చిరకాలముగా, మిక్కిలి సూక్ష్మముగా విచారించిరి. కావున వారి మాట ఆలకించుట వీరశైవునికి తగని పని కాదు.

వీరశైవ పత్రికలో బుద్ధుని ప్రసంగ మెందుకని శంకించు పెద్దలుందురు. ఆ శంకకు కారణము లేకపోలేదు. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రము చదివినవారికి చందవోలు వృత్తాంతము తెలియును. వెలనాటి రాజు సభలో మల్లికార్జున పండితారాధ్యులు బౌద్ధాచార్యునితో వాదించిరి. వైరము ముదిరి, పండితుని శిష్యుల చేతిలో ఆ బౌద్ధుడు హతుడయ్యెను. రాజు కోపించి పండితుని కన్నులు తీయించెను. శివానుగ్రహమున ఆ కన్నులు మరల వచ్చెనని కథ. కన్నులు వచ్చుటను భక్తులు మహిమగా చెప్పుకొందురు, చెప్పుకొనవచ్చును. కాని చంపబడినవాడు మరల రాలేదు. వాదమునందు బలము కలవాని శిష్యులకు ఆయుధముతో పనియేమి? ఈ మాట నడుగుట గురుద్రోహము కాదు. దయయే ధర్మమునకు మూలమని బోధించినవాడు బసవేశ్వరుడు. ఆ తూకపురాతితో తూచినపుడు చందవోలులో జరిగినట్లు చెప్పబడు హత్య తేలిపోవును. పూర్వుల ఘనతను తలకెత్తుకొన్నవారు పూర్వుల పొరపాటును కూడ చేత పట్టుకొని చూడవలయును.

అదే సంప్రదాయమున దీనికి భిన్నమైన కథ మరియొకటి కలదు. అరువదిమువ్వురు పురాతన భక్తులలో శాక్య నాయనారు ఒకడు. 12వ శతాబ్దమున చేక్కిళారు అరవమున రచించిన పెరియపురాణము ఇతని చరిత్రమును చెప్పుచున్నది. ఇతడు కంచికి పోయి బౌద్ధము నభ్యసించి బౌద్ధభిక్షువుల వస్త్రము ధరించెను. పిమ్మట శివునియందు భక్తి కుదిరెను. అయినను కట్టిన వస్త్రమును మార్చలేదు. దినమునకొక రాయి తీసికొని లింగముమీద విసరుటయే ఇతని పూజ. చూచువారి కది ద్వేషము. అతని కది పుష్పార్చనము. ఒకనాడు రాయి విసరుట మరచి భోజనమునకు కూర్చుండెను. తినబోవు వేళ జ్ఞప్తికి వచ్చెను. అన్నమును విడిచి, ఆకలితో పరుగెత్తి, రాయి విసరెను. ఆనాడు శివుడు ప్రత్యక్షమయ్యెను.

ఈ కథలో గమనింపదగినది రాయి కాదు, వస్త్రమును కాదు. ప్రతిదినమును తప్పక విసరిన రాళ్ళకు రాని ఫలము, మరపు కలిగి, ఆ మరపు నుండి మేల్కొన్న దినమున వచ్చెను. అలవాటుగా చేయు పూజ చేతులు చేయు పూజ. మరపు నుండి తిరిగివచ్చి చేసిన పూజ మనస్సు చేయు పూజ. బౌద్ధ వస్త్రమున నున్న ఆ భక్తుడు బౌద్ధముననే నేర్చిన పాఠమును శివునికి సమర్పించెనని చెప్పుట సాహసము కాదు. పాళీ భాషలో 'సతి' అను శబ్దము ఆ పాఠమునకు పేరు. సంస్కృతమున అది 'స్మృతి'. జ్ఞప్తి యని మొదటి యర్థము. ఇప్పుడు చేయుచున్న పనిని మరువకుండుట, మనస్సు జారినపుడు జారినదని తెలిసికొనుట, తిరిగి తెచ్చి నిలుపుట అని సాధకుల యర్థము. తెలుగున దీనికి ఎరుక యను మాటకంటె మంచి మాట దొరకదు.

సతిపట్ఠాన సూత్రము ఎరుక నిలుపవలసిన చోట్లు నాలుగని చెప్పుచున్నది: శరీరము, సుఖదుఃఖముల అనుభవము, చిత్తము, చిత్తమునందు పుట్టి గిట్టు ధర్మములు. నడచుట, నిలుచుట, కూర్చుండుట, పండుకొనుట, తినుట, త్రాగుట, తుదకు మలమూత్ర విసర్జనము సైతము ఎరుకతో చేయవలెనని అందు కలదు. ఎరుకకు తగని నీచమైన పని లేదని దీని భావము. ఈ భావము లింగధారికి క్రొత్తది కానక్కర లేదు. గుడిలోని దేవుని చూడవలెనన్న గుడికి పోవలయును. ఇంటికి వచ్చిన పిదప గుడి మరపునకు వచ్చును. ఇష్టలింగమును దేహముమీద ధరించు ఆచారము ఆ వెసులుబాటును తీసివేసినది. తినుచోటను, పండుకొనుచోటను, బేరమాడుచోటను లింగము తోడనే యుండును. షట్‌స్థలములలో మూడవది ప్రసాదిస్థలము. కన్ను చూచినదియు, నాలుక చవిచూచినదియు ముందు లింగమునకర్పించి, పిదప ప్రసాదముగా గ్రహింపుమని ఆ స్థలము బోధించును. అర్పింపవలెనన్న ముందు చూడవలెను గదా! చూడకుండ మ్రింగినది ప్రసాదము కానేరదు.

బౌద్ధుల మాట తెలుగు నేలకు పరాయిది కూడ కాదు. దీనికి నిదర్శనము వెదకుటకు దూరము పోనక్కర లేదు. హైదరాబాదు నగరమునకు దక్షిణమున, ఆరాంఘర్ చౌరస్తా నుండి చాంద్రాయణగుట్ట వైపు పోవు దారిలో మైలార్‌దేవ్‌పల్లి యున్నది. ఊరి పేరులోనే మైలారదేవుడున్నాడు. మల్లన్న యనియు, ఖండోబా యనియు పిలువబడు శివరూపమే మైలారదేవుడు. ఓరుగల్లులో ఆ దేవుని వీరభటులు చేయు సాహసములను క్రీడాభిరామము వర్ణించినది. ఈ శైవనామము గల ఊరి నుండి కొలది కిలోమీటర్ల దూరమున, మూసీ యొడ్డున చైతన్యపురిలో కొండరాతిమీద విష్ణుకుండి గోవిందవర్మ కాలపు ప్రాకృత శాసనమున్నది. సుమారు 5వ శతాబ్దమునాటిది. గోవిందరాజ విహారమను బౌద్ధ విహారమును అది పేర్కొనుచున్నది. ఇప్పుడు ఆ గుట్టమీద నరసింహస్వామి గుడి యున్నది. ఒకే నది, ఒకే గుట్ట, మ్రొక్కినవారు మారిరి. అదే నగరమున, నాగార్జునసాగరము పోవు దారిలో, 1976లో ధమ్మఖేత్త మను విపశ్యనా కేంద్రము వెలసినది. బర్మాలో సయాజీ ఊ బా ఖిన్ వద్ద నేర్చి, 1969 నుండి భారతదేశమున బోధించిన సత్యనారాయణ గోయెంకా (1924–2013) సంప్రదాయమది. పదిదినముల మౌనము, మొదటి దినములలో కేవలము శ్వాసను గమనించుట, పిదప శరీరమునందలి సంవేదనలను రాగద్వేషములు లేక చూచుట, తుది దినమున సర్వప్రాణులకు మైత్రిని పంచుట. రుసుము లేదు. పంచశీలముల నంగీకరింపనిదే ప్రవేశము లేదు.

ఈ తుది మాట ముఖ్యము. ఏలయన, ఎరుక తనంత తాను మంచిది కాదు, చెడ్డది కాదు. తెలుగువారు కొంగజప మను మాటను ఎంత చక్కగా కూర్చిరో చూడవలయును. ఒంటికాలిమీద నిలిచిన కొంగకు ఏకాగ్రతలో లోపమేమి? రెప్ప వేయదు, తొందరపడదు, నీటిలోని ప్రతి కదలికయు దానికి తెలియును. చేప కది ప్రాణాంతకము. కన్నమువేయు దొంగకును అట్టి ఎరుకయే యుండును. అందువలననే బుద్ధుడు అష్టాంగమార్గమున స్మృతిని ఒంటరిగా నిలుపక, సమ్యక్ అను విశేషణము చేర్చి, సమ్యక్ వాక్కు, సమ్యక్ కర్మ, సమ్యక్ ఆజీవము అను వానికి పిమ్మట నుంచెను. బ్రతుకు తెరువు శుద్ధము కాక ధ్యానము శుద్ధము కాజాలదు.

ఈ క్రమము నేడు తారుమారగుచున్నది. అమెరికాలో జాన్ కబట్-జిన్ అను నతడు 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో దీర్ఘరోగుల బాధోపశమనమునకై బౌద్ధుల ఎరుకను చికిత్సగా ప్రవేశపెట్టెను. నొప్పితో బాధపడువారికి అది మేలు చేసినది. ఆ మేలును తక్కువ చేయరాదు. కాని ఆ దారినే నడచి, ఎరుక కచేరీలలోను కంపెనీలలోను పని పెంచు సాధనముగా అమ్మబడు స్థితికి వచ్చినది. పనివాడు తన అలసటను ప్రశాంతముగా గమనించవలెనట. ఆ అలసటకు కారణమైన పదునాలుగు గంటల పనిని ఎవ్వరును గమనింపనక్కర లేదట! కొంగ చేపలకు ధ్యానము నేర్పినట్లున్నది.

బుద్ధుని కాలముననే ఈ చిక్కు తలయెత్తినది. వినయపిటకములోని మహావర్గమున ఒక వృత్తాంతము కలదు. ఒక భిక్షువు అతిసారముచే పీడితుడై తన మలమూత్రములలోనే పడియుండెను. అది ధ్యానము చేయువారు నివసించు విహారము. శ్వాస రాకపోకలను గమనించువారు, అడుగు తీసి అడుగు వేయుటను గమనించువారు అచ్చట నుండిరి. ప్రక్కగదిలోని మూలుగు వారికి వినబడలేదు. బుద్ధుడు ఆనందునితో విహారమును చూచుచు వచ్చి ఆ రోగిని కనుగొనెను. నీరు తెప్పించి, తాను పోయుచుండ ఆనందుడు కడుగగా, ఇరువురును కలిసి ఎత్తి మంచముమీద పరుండబెట్టిరి. తరువాత భిక్షువులను పిలిచి ఏల పరిచర్య చేయలేదని అడిగెను. ఆ భిక్షువు తమకేమియు ఉపకరింపడు గనుక చేయలేదని వారు చెప్పిరి. తల్లిదండ్రులను విడిచి వచ్చినవారు ఒకరినొకరు చూచుకొనకున్న మరెవ్వరు చూతురని బుద్ధుడు మందలించి, తన్ను సేవింపగోరువాడు రోగిని సేవించవలెనని ఆదేశించెను.

ఆ భిక్షువులు క్రూరులు కారు. వారు ఆ రోగిని కొట్టలేదు, తిట్టలేదు. చూడలేదు, అంతే. లోకమున జరుగు నిర్దయలో అధిక భాగము ఈ తీరున జరుగునదే. క్రౌర్యమునకు పూనిక కావలయును; చూడకపోవుటకు ఏమియు అక్కర లేదు. మరియు చూపు ఎచ్చట ఆగిపోయినదో వారి సమాధానమే చెప్పుచున్నది: తమకు ఉపకరించువానిమీద నిలిచి, ఉపకరింపనివానిని దాటిపోయినది. అట్టి చూపు కన్నులు మూసికొని శ్వాసను ఎంత గమనించినను, లింగమును ఎంత నిదానముగా చూచినను, తన లాభమునే చూచుచున్నదని చెప్పవలయును.

కల్యాణ శరణులు ఈ చిక్కును మరియొక వైపు నుండి పట్టిరి. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ వీరశైవ కుటుంబములలో ఎరుగనివారు అరుదు. నేలరాలిన బియ్యపుగింజలు ఏరుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే వంట, ఆ వంటతోనే దాసోహము. ఒకనాడు అల్లమప్రభువుతో జరుగు గోష్ఠిలో మునిగి మారయ్య కాయకమును మరచెను. మరచినది పేకాటలో కాదు, నిద్రలో కాదు, శివానుభవ ప్రసంగములో! లక్కమ్మ వచ్చి కాయకవేళ మించుచున్నదని జ్ఞప్తి చేసెను. మారయ్య వెంటనే పరుగెత్తి, ఆలస్యమునకు బదులు తీర్చుకొనవలెనని కాబోలు, నిత్యముకంటె ఎక్కువ గింజలు తెచ్చెను. లక్కమ్మ వానిని వంటకు తీసికొనలేదు. ఇంత ఎందుకు తెచ్చితివి, మనకు చాలినదానికంటె ఎక్కువైనది ఆశయే గదా యని, తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను.

బౌద్ధ గ్రంథములలో స్మృతికి చెప్పబడిన లక్షణములన్నియు ఈ గృహిణియందు కానవచ్చుచున్నవి. ఆమె రెండు మరపులను పట్టుకొనెను. మొదటిది పని మరచుట. అది ఎవరైనను పట్టుకొనగలరు. రెండవది మితిని మరచుట. దానిని పట్టుటకు గింజల రాశిని చూచు కన్ను కావలయును. మగని చేతిలో పిడికెడు గింజలు ఎక్కువైనవని గమనించుటకు ప్రతిదినమును ఆ పిడికిలిని చూచియుండవలయును. నేలరాలిన గింజ తమకంటె పేదవానికి, పక్షికి, చీమకు చెందవచ్చునను తలంపు లేనివారికి ఎక్కువ యను మాటయే పుట్టదు. లక్కమ్మ ధ్యానముచేసి కరుణకు రాలేదు. చేటలోని బియ్యమును సరిగా చూచుటయే ఆమె కరుణ. ధ్యానగోష్ఠి సైతము మరపు కాగలదని ఈ కథ చెప్పుచున్నంత సూటిగా బౌద్ధ కథలు కూడ చెప్పవేమో.

నులియ చందయ్య కథ ఇంకను కఠినమైనది. ఇతడు గడ్డి కోసి త్రాళ్ళు పేని అమ్మి దాసోహము చేయువాడు. గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీటిలో పడెను. చందయ్య పని విడువక, మోపు కట్టుకొని నడచెను. లింగమే వెంటబడి తన్ను స్వీకరింపుమని వేడెనట. మడివాళ మాచయ్య మధ్యవర్తియై నచ్చజెప్పగా, తుదకు చందయ్య లింగమును కూడ త్రాళ్ళమ్ము పనికి నియోగించి పిమ్మట స్వీకరించెను. లింగధారణము ప్రాణముగా గల సంప్రదాయము ఇట్టి కథను దాచక చెప్పుకొనుట ఆశ్చర్యకరము. లింగమును నిర్లక్ష్యము చేయుమని దీని యర్థము కాదు. దాసోహమునకు ఆధారమైన త్రాటిమీద చూపు నిలిచినవాడు లింగమును విడిచినవాడు కాడని దీని యర్థము. చేతిలోని పనిని విడిచి దేవుని వెదకువానికంటె, పనిలో నిలిచినవాని వెంట దేవుడే వచ్చునని శరణులు నమ్మిరి.

వియత్నాము యుద్ధకాలమున తిక్ న్యాట్ హాన్ (1926–2022) అను బౌద్ధభిక్షువునకు ఈ ప్రశ్నయే ఎదురైనది. ఊళ్ళమీద బాంబులు పడుచుండగా విహారములో కూర్చుండి ధ్యానించుటయా, బయటికి పోయి గాయపడినవారిని ఎత్తుటయా? ధ్యానమును విడువకయే బయటికి పోవలెనని అతడు నిశ్చయించి, యువకులను సేవకు పంపెను. గిన్నెలు కడుగునపుడు కడుగుటయే చేయుమని అతడు చెప్పిన పాఠము ప్రపంచమంతట వ్యాపించినది. గిన్నెల మాట వ్యాపించినంతగా బాంబుల మాట వ్యాపింపలేదు.

మైలార్‌దేవ్‌పల్లికి తిరిగి వచ్చిన, ఈ విచారణ పుస్తకములలోనిది కాదని తెలియును. ఆ ఊరి ప్రక్కనే కాటేదాన్ పారిశ్రామికవాడ. చిన్న చిన్న కార్ఖానాలు, గోదాములు. దూరదేశముల నుండి వచ్చిన కూలీలు. 2008 మార్చి 23న శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమైన పిదప ఆ దిక్కున నగరము వేగముగా పెరిగినది. 2009లో మెహదీపట్నము నుండి ఆరాంఘర్ వరకు సుమారు 11 కిలోమీటర్ల పైవంతెన దారి వెలసినది. విమానమునకు పోవువాడు క్రింది వీధులలోని మనుష్యులను చూడకుండ వారి తలలమీదుగా పోవచ్చును. దారి వేయుటలో తప్పు లేదు. కాలము ఆదా యగుట అందరకు మేలే. కాని పైనుండి పోవు అలవాటు చక్రములతో ఆగక మనస్సునకు కూడ అంటుకొనును.

2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదుమీద కుంభవృష్టి కురిసెను. పల్లెచెరువు పొంగి మైలార్‌దేవ్‌పల్లి పరిధిలోని అలీనగర్ వీధులలోనికి నీరు దుమికెను. ఒకే కుటుంబమునకు చెందిన ఎనమండుగురు ఆ ప్రవాహమున కొట్టుకొనిపోయిరి. అదే వానలో గగన్‌పహాడ్ వద్ద అప్పచెరువు తెగి జాతీయ రహదారి కోసికొనిపోయెను. చెరువు నిండిన అలుగు పారును. అలుగునీటికి దారి కావలయును. గొలుసుకట్టు చెరువులు కట్టిన పూర్వులకు ఇది తెలియును. నేటి చిన్నపిల్లవానికిని తెలియును. ఆ దారిలో గోడలు లేచుచున్నపుడు నగరమున ఎవ్వరును ఎవ్వరిని చంపదలపలేదు. స్థలము అమ్మినవాడు తన వెలను చూచెను. కొన్నవాడు తన ఇంటిని చూచెను. కాగితము వ్రాసినవాడు కాగితమును చూచెను. ఆ దారిన పోవు భక్తుడు గడియారమును చూచెను. నీరు పోవు చోటును చూచువాడు లేకపోయెను. ఆ విహారములోని రోగికి జరిగినదే ఇచ్చట ఒక వీధికి జరిగినది.

మరణించినవారు ముస్లిములు. ఈ మాట చెప్పకపోయినను జరుగునది. కాని వార్త విన్నపుడు వారెవరని మొదట అడిగి, తెలిసిన పిదప దుఃఖము పాలు తగ్గించుకొనిన మనస్సులు ఉండవచ్చును గనుక చెప్పవలసి వచ్చినది. ఎదుటివానిని పరాయివానిగా ఎంచకుండు బుద్ధిని బసవేశ్వరుడు కూడలసంగమదేవుని వేడి అడిగెను. వేడి అడిగెనన్న అది అంత సులభముగా వచ్చు బుద్ధి కాదని ఆయనకు తెలియుననియే అర్థము.

అయినచో లోకమునందలి దుఃఖమునంతను చూచువాడు బ్రతుకగలడా యని న్యాయముగా అడుగవచ్చును. ఫోను తెరచిన చాలు, పది దేశముల కన్నీరు కన్నుల పడును. కొలది దినములలో కన్ను మొద్దుబారును. 5వ శతాబ్దమునాటి బుద్ధఘోషుడు విశుద్ధిమార్గమున దీనికి సూక్ష్మమైన సమాధానము చెప్పెను. ప్రతి సద్గుణమునకు ప్రక్కనే దానివలె కనబడు శత్రువొకటి యుండును. కరుణకు సమీపశత్రువు శోకము. ఉపేక్షకు సమీపశత్రువు తెలియమిచే కలుగు ఉదాసీనత. ఏడ్చువాడు తాను దయగలవాడనుకొనును. పట్టించుకొననివాడు తాను స్థిరచిత్తుడననుకొనును. ఇరువురును చేయి కదపరు. కాయకమను భావము ఇచ్చట గొప్ప మేలు చేయుచున్నది. మారయ్య లోకములోని గింజలన్నిటిని ఏరుటకు పోలేదు. ఒక్క వాకిటిలోని గింజలనే ఏరెను. కరుణకు కాయకము గట్టు వంటిది. గట్టు లేని నీరు ఇంకిపోవును, లేదా ఊరిని ముంచును.

ఆ గట్టు లోపలి పొలమే ఇల్లు. పూజగదికి ప్రక్కగదిలో మంచము పట్టిన ముదుసలి తల్లి దగ్గుచుండగా, అర్చనమునకు భంగమని విసుగుకొను కుమారుని చేతిలో లింగమున్నదా? జంగమ దాసోహమునకు పదిమందికి వండి వడ్డించిన కోడలు తుదిపంక్తిలో అడుగంటిన అన్నము తినుచున్న యెడల, ఆ ఇంటి దాసోహమును సభలో పొగడవచ్చునా? మఠములో విస్తళ్ళు ఎత్తువానికి, మరుగుదొడ్డి కడుగువానికి పేరున్నదా, ఆ పేరు పెద్దలకు తెలియునా? ఇవి చిన్న విషయములనిపించును. పంచాచారములలో భృత్యాచారమని యొకటి కలదు. తాను సేవకుడనని యెంచుకొని మెలగుటయే అది. సేవకునికి చిన్న విషయములు ఉండవు. చిన్న విషయములను విడుచు హక్కు యజమానికే.

బౌద్ధమును వీరశైవమును ఒక్కటే యనుట మాత్రము సరికాదు. అట్టి మాట సభలలో చప్పట్లకు పనికివచ్చును, సాధనమునకు పనికిరాదు. బౌద్ధుని ఎరుక చూచుచు చూచుచు నిత్యమైన ఆత్మ యేదియు లేదని తేల్చును. లింగధారి ఎరుక అంగము లింగమునందు సామరస్యము పొందుటను కోరును. ఒకడు పట్టుకొనదగినది ఏమియు లేదని చేతిని తెరచును. మరొకడు లింగమును పట్టుకొని తక్కినదానిని విడుచును. అల్లమప్రభువు చెప్పిన బయలు బౌద్ధుల శూన్యమునకు ఎంత దగ్గరయో, ఎంత దూరమో పండితులు వాదించుకొనుచునే యుందురు. తెరచిన చేతిని గాని, లింగమును పట్టిన చేతిని గాని, ప్రక్కనున్న రోగికి నీరందించునా యని పరీక్షించుట ఆ వాదము తేలువరకు ఆగనక్కర లేదు.

తుమకూరు సిద్ధగంగా మఠాధిపతులు శ్రీ శివకుమార స్వాములు 1907లో జన్మించి, 2019 జనవరి 21న లింగైక్యులైరి. వేలకొలది పిల్లలకు, కులమతముల నడుగక, అన్నమును విద్యను ఉచితముగా నొసగిన మఠమది. తన దేహము విడిచిన వార్త తెలిసిన పిల్లలు అన్నము ముట్టరని వారికి తెలియును. కావున వారి భోజనములు ముగియువరకు ఎవ్వరికిని చెప్పవద్దని ముందుగానే చెప్పియుంచిరట. ఆనాడు పగలు పదునొకండున్నర దాటిన పిమ్మట ప్రాణము పోయినది. పిల్లలు పంక్తులలో కూర్చుండి తిని, చేతులు కడుగుకొని లేచిన తరువాతనే ఆ వార్తను బయటికి చెప్పిరి.